కుడి ఎడమల మాటామంతీ

మాట ఎడమ మెదడులో ఉంటుందని నూట అరవై ఏళ్లుగా చదువుకుంటున్నాం. అది ఎక్కడ ఉంటుందన్న దానికంటే, ఏ దారుల్లో తిరుగుతుందన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న. పక్షవాతంతో పోయిన మాట తిరిగి ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో చెప్పే ఆధారాలు కొన్ని ఆ దారుల్లోనే దొరుకుతున్నాయి.

ఊళ్లో ఎవరికైనా పక్షవాతం వచ్చిందని తెలిస్తే పెద్దవాళ్లు అడిగే ప్రశ్నలు రెండే. "ఏ పక్క పడిపోయింది?" "మాట ఉందా?" మొదటిదానికి "ఎడమ పక్క" అని జవాబొస్తే కాస్త ఊపిరి పీల్చుకుంటారు. "కుడి పక్క" అంటే ముఖాలు మారిపోతాయి. కుడి చెయ్యీ కాలూ పడిపోయినవాళ్లలో చాలామందికి మాట కూడా పడిపోతుందని, ఏ వైద్య గ్రంథమూ చదవకుండానే వాళ్లకు తెలుసు. మెదడు నుంచి కాళ్లూ చేతులకు వెళ్లే నాడుల్లో ఎక్కువ భాగం మెడకు కాస్త పైన అటువి ఇటు, ఇటువి అటు దాటుకుంటాయి. అందుకే ఎడమ మెదడుకు దెబ్బ తగిలితే కుడి ఒళ్లు చచ్చుబడుతుంది. మాట్లాడే నోరు ముఖానికి నడిమధ్యన ఉన్నా, మాటను కూర్చే యంత్రాంగంలో ఎక్కువ భాగం ఎడమవైపే ఉంది. కాబట్టి ఆ రెండు నష్టాలూ జంటగా వస్తాయి.

ఈ జంటను కాగితం మీద పెట్టిన తొలి వైద్యుల్లో మార్క్ డాక్స్ ఒకడు. ఫ్రాన్సు దక్షిణాన సోమియేర్ అనే చిన్న ఊళ్లో వైద్యం చేసేవాడు. మాట పోయిన రోగులను నలభైమందికి పైగా చూశాననీ, అందరిలోనూ దెబ్బ ఎడమ మెదడుకే తగిలిందనీ 1836లో రాసిపెట్టుకున్నాడు. మరుసటి ఏడాదే చనిపోయాడు. ఆ కాగితాలు కొడుకు చేతుల మీదుగా అచ్చయ్యేసరికి 1865 వచ్చింది. అప్పటికే పేరు ఇంకొకరికి దక్కిపోయింది.

టాన్... టాన్

ఆ ఇంకొకరు పాల్ బ్రోకా. 1861 ఏప్రిల్‌లో పారిస్ శివార్లలోని బిసెత్ర్ ఆసుపత్రిలో ఆయన ముందుకు లబోర్న్ అనే 51 ఏళ్ల రోగిని తీసుకొచ్చారు. కుడి కాలికి కుళ్లు పట్టింది. శస్త్రవైద్యుడు కాబట్టి కాలు చూడమన్నారు. అయితే ఆ మనిషి ఆసుపత్రిలో చేరింది కాలి కోసం కాదు. చెప్పుల తయారీకి వాడే చెక్క అచ్చులు చెక్కుకునే ఆ పనివాడికి ముప్ఫై ఏళ్ల వయసులో మాట పోయింది. అప్పట్నుంచి ఇరవై ఒక్కేళ్లుగా అక్కడే ఉన్నాడు. పేరు అడిగినా, వయసు అడిగినా, ఆకలేస్తోందా అన్నా ఒకటే జవాబు: "టాన్, టాన్." ఆసుపత్రిలో అందరూ ఆయన్ని టాన్ అనే పిలిచేవారు. ఎన్నేళ్లుగా ఇక్కడున్నావని అడిగితే చేతి వేళ్లు చూపించి లెక్క చెప్పేవాడు. అడిగింది చాలావరకు అర్థమవుతోంది. జవాబు మనసులో ఉంది. నోటికి రావడం లేదు.

ఒక్క మినహాయింపు. ఎదుటివాళ్లకు తన సైగ అర్థం కాక కోపం ముంచుకొస్తే, లబోర్న్ నోటి నుంచి దేవుడి పేరుతో ఒక తిట్టు ఉచ్చారణ తప్పకుండా బయటికొచ్చేది. ఇరవై ఏళ్లుగా మంచినీళ్లు కావాలని అడగలేని మనిషి తిట్టు మాత్రం పూర్తిగా తిట్టగలిగాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. కావాలని కూర్చే మాటా, అలవాటుగా తన్నుకొచ్చే మాటా మెదడులో ఒకే దారిన రావు.

ఆరు రోజులకు, ఏప్రిల్ 17న, లబోర్న్ చనిపోయాడు. మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందు భాగంలో గుంట పడి ఉంది. అదే ఏడాది మరో రోగి, 84 ఏళ్ల లెలాంగ్ వచ్చాడు. అయిదే మాటలు మిగిలినవాడు. ఆయన మెదడులోనూ దాదాపు అదే చోట దెబ్బ. 1865 నాటికి, మనం మాట్లాడేది ఎడమ అర్ధగోళంతోనే అని బ్రోకా తేల్చి చెప్పాడు. నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఆ చోటు పేరు 'బ్రోకా ప్రాంతం'.

ఈ కథకు కొసమెరుపు 2007లో వచ్చింది. పారిస్ మ్యూజియంలో భద్రపరిచిన ఆ రెండు మెదళ్లనూ కాలిఫోర్నియా పరిశోధకురాలు నీనా డ్రాంకర్స్ బృందం ఎమ్మారై యంత్రంలో పెట్టి చూసింది. బ్రోకా వాటిని కోయలేదు, పైపైన చూసి వదిలేశాడు. స్కాన్‌లో దెబ్బ లోపలికంటా దిగి కనిపించింది. మెదడు ముందు భాగాన్నీ వెనుక భాగాన్నీ కలిపే పొడవాటి నాడుల కట్ట ఇద్దరిలోనూ దెబ్బతిని ఉంది. అంటే లబోర్న్ పోగొట్టుకున్నది మాటల గది ఒక్కటే కాదు. ఆ గదికి వచ్చే తీగలు కూడా.

తీగ తెగితే

తీగల సంగతి మొదట పట్టుకున్నది కార్ల్ వెర్నికే. 1874లో, 26 ఏళ్ల వయసులో, అప్పటి జర్మనీలోని బ్రెస్లావ్ నగరంలో ఒక చిన్న పుస్తకం రాశాడు. చెవి వెనుక, ఎడమ మెదడులో దెబ్బ తగిలిన రోగులు గడగడా మాట్లాడతారు, కానీ మాటకు మాట అతకదు. ఎదుటివాళ్లు అన్నదీ సరిగా అర్థం కాదు. అంటే వినికిడి మాటకు ఒక చోటు, నోటి మాటకు ఒక చోటు. రెండింటినీ కలిపే దారి ఉండి తీరాలి. మరి ఆ దారి ఒక్కటే తెగితే? అర్థం చేసుకోవడం బాగుంటుంది, మాట్లాడటం బాగుంటుంది, విన్నది విన్నట్టు తిరిగి పలకడం మాత్రం చేతకాదన్న ఊహ ఇక్కడి నుంచే పుట్టింది. అలాంటి రోగులు నిజంగానే ఉన్నారు. మంచం పక్కన జరిగే పరీక్ష ఇలా ఉంటుంది:

"తాతగారూ, నేను చెప్పినట్టే చెప్పండి. గడియారం."

"గడి... గరి... గయా..." పెద్దాయన ఆగిపోతాడు. విసుగ్గా తల అడ్డంగా ఊపుతాడు. "అదేనమ్మా, గోడకుంటుందే, టైము చూసుకునేది!"

మాట అర్థమైంది. అర్థాన్ని సొంత మాటల్లో చెప్పాడు కూడా. 'గడియారం' అన్న నాలుగక్షరాల ధ్వని మాత్రం చెవి నుంచి నోటికి చేరలేదు. దారి ఒక్కటే కాదు, దాని కొసన ఉన్న మెదడు పొర కూడా ఇందులో దెబ్బతింటుందని ఇప్పటి పరిశోధకులు సవరణ చెబుతారు. సవరణ సరైనదే. కానీ 'ఏ చోటు?' అన్న ప్రశ్న పక్కన 'ఏ దారి?' అన్నది వచ్చి కూర్చుంది వెర్నికేతోనే. 1965లో అమెరికాలో నార్మన్ గెష్విండ్ దానికి మళ్లీ ప్రాణం పోసేదాకా చాలామంది దాన్ని మరిచిపోయారు.

ఆ దారి పేరు అర్క్యుయేట్ ఫాసిక్యులస్. విల్లులా వంగిన నాడుల కట్ట. చెవి వెనుక ప్రాంతం నుంచి బయల్దేరి, పైకెక్కి, వంపు తిరిగి, నుదుటి వెనుకకు చేరుతుంది. పంతొమ్మిదో శతాబ్ది మొదట్లోనే శవాల మెదళ్లలో దీన్ని చూశారు. బతికున్న మనిషిలో చూసే వీలు మాత్రం 1990ల దాకా లేదు. డిఫ్యూజన్ ఎమ్మారై వచ్చాక కుదిరింది. ఇందులో కిటుకు నీళ్లు. మెదడులో నీటి అణువులు నాడీ తంతువులకు అడ్డంగా కంటే నిలువునా సులువుగా జారతాయి. ఏ చోట నీళ్లు ఏ దిక్కుకు ఎక్కువ జారుతున్నాయో కొలిచి, ఆ దిక్కులను ఒకదానికొకటి కలుపుకుంటూ పోతే తంతువుల దారి బొమ్మ కడుతుంది.

లండన్‌లో మార్కో కటాని బృందం 2005లో ఈ పద్ధతితోనే ఆ కట్టలో మూడు పాయలున్నాయని చూపింది. చెవి వెనుక ఉన్న వెర్నికే ప్రాంతం నుంచి బ్రోకా ప్రాంతానికి నేరుగా పోయేది ఒకటి. మధ్యలో మజిలీ చేసుకుంటూ పోయేవి రెండు. రెండేళ్ల తర్వాత అదే బృందం ఆ నేరు పాయను కుడి ఎడమల్లో పోల్చింది. ఎంచుకున్నది కుడిచేతి వాటం వాళ్లనే. సుమారు అరవై శాతం మందిలో ఎడమవైపు నాలుగు వరుసల రహదారి ఉంటే, కుడివైపు డొంక దారి కూడా సరిగా కనిపించలేదు. ఇంకో ఇరవై శాతం మందిలో కుడివైపూ ఉంది కానీ సన్నం. మిగిలినవాళ్లలో రెండు పక్కలా సమానం.

మరి ఎడమవైపు బలంగా ఉన్నవాళ్లే భాషలో దిట్టలా? పదాల జాబితా ఒకటి వినిపించి, గుర్తున్నవి చెప్పమన్నారు. రెండు పక్కలా సమంగా దారులున్నవాళ్లే ఎక్కువ మాటలు గుర్తు తెచ్చుకున్నారు. ఇలా సమంగా ఉండటం ఆడవాళ్లలో ఎక్కువ కనిపించింది. (దీన్ని పట్టుకుని ఇంట్లో తగువు పెట్టుకుంటే ఈ రచయిత బాధ్యుడు కాడు. లెక్కలోకి తీసుకున్నది కొద్దిమందినే.)

దారుల్లో ఉన్న ఈ ఎగుడుదిగుడు మెదడు ఆకారంలోనూ ఉంది. గెష్విండ్, లెవిట్స్కీ 1968లో వంద మెదళ్లను కొలిచి చూశారు. వినికిడి ప్రాంతానికి ఆనుకుని ఉండే ఒక ముక్క 65 మెదళ్లలో ఎడమవైపు పెద్దది, 11లో కుడివైపు పెద్దది. చింపాంజీల సంగతీ చూశారు. 2008లో జేమ్స్ రిల్లింగ్ బృందం మనుషుల్లో, చింపాంజీల్లో, మకాక్ కోతుల్లో ఆ విల్లు ఆకారపు కట్టను పక్కపక్కన పెట్టింది. మనిషిలో అది చెవి వెనుక ప్రాంతంలోకి దట్టంగా పాకిపోయింది. మిగతా రెండు జాతుల్లో ఆ పాకుడు చాలా తక్కువ, లేదా లేనే లేదు.

కుడివైపు ఊరికే లేదు

మూర్ఛకు ఆపరేషన్ చేసే ముందు, మాట ఎటుందో తెలుసుకోవడానికి వాడిన పాత పరీక్ష ఒకటుంది. జపాన్ వైద్యుడు జున్ వాడా 1949లో ప్రకటించాడు, ఆ తర్వాత కెనడాలోని మాంట్రియల్‌లో స్థిరపడింది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చేతులూ పైకెత్తి అంకెలు లెక్కపెట్టమంటారు. ఒకటి, రెండు, మూడు... ఎడమ మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనిలోకి మత్తుమందు వదులుతారు. కొద్ది క్షణాల్లో కుడి చెయ్యి ధబాలున మంచం మీద పడుతుంది. చాలామందిలో లెక్క కూడా అక్కడే ఆగిపోతుంది. మనిషికి మెలకువ ఉంటుంది, ఎడమ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంటుంది, మాట మాత్రం ఉండదు. కొన్ని నిమిషాలకు మందు దిగాక మాట తిరిగొస్తుంది. మర్నాడో, మరికాసేపటికో రెండో వైపు.

1977లో రాస్ముసెన్, మిల్నర్ ఇలాంటి పరీక్షల లెక్కలు బయటపెట్టారు. కుడిచేతి వాటం వాళ్లలో 96 శాతం మందికి మాట ఎడమ మెదడులోనే ఉంది. ఎడమచేతి వాటం వాళ్లకు కుడివైపు ఉంటుందనుకుంటారు చాలామంది. లేదు, వాళ్లలోనూ 70 శాతానికి ఎడమవైపే. పదిహేను శాతానికి కుడివైపు, మరో పదిహేనుకు రెండు పక్కలా. వీళ్లు మూర్ఛ రోగులు కదా అన్న అనుమానం సహజం. అది తీర్చడానికి జర్మనీలో స్టెఫాన్ క్నెఖ్ట్ బృందం 2000లో 326 మంది ఆరోగ్యవంతులను పరీక్షించింది. మాటల పని చెప్పి, మెదడు రక్తనాళాల్లో ప్రవాహ వేగం ఎటు పెరుగుతోందో కొలిచింది. కుడి మెదడుతో మాట్లాడేవాళ్లు బలమైన కుడిచేతి వాటం వాళ్లలో 4 శాతం, రెండు చేతులూ వాడేవాళ్లలో 15, బలమైన ఎడమచేతి వాటం వాళ్లలో 27 శాతం తేలారు. కుడి మెదడుతో మాట్లాడటం రోగం కాదు. ఆ మనిషి తీరు అంతే.

ఇంతకీ తక్కినవాళ్లలో కుడి మెదడు ఏం చేస్తున్నట్టు? రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ తెచ్చిన ప్రయోగాల్లో జవాబు కొంత ఉంది. మూర్ఛ అదుపు కోసం, రెండు అర్ధగోళాలనూ కలిపే కార్పస్ కలోసంను కోసేసిన రోగుల మీద చేసినవి అవి. దాదాపు ఇరవై కోట్ల తంతువులున్న వంతెన అది. ఎడమవైపు దృశ్యం కుడి మెదడుకే చేరేలా తెర మీద 'చెంచా' అన్న మాట తళుక్కున చూపిస్తే, ఏం చూశారని అడిగినప్పుడు "ఏమీ లేదు" అంటారు. తెర వెనకున్న వస్తువుల్లో ఎడమ చేత్తో తడిమి చెంచానే తీస్తారు. కుడి మెదడు మాట చదివింది, అర్థం చేసుకుంది, పైకి చెప్పలేకపోయింది.

గ్రెగరీ హికాక్, డేవిడ్ పోపెల్ 2007లో గీసిన పటంలో ఈ సంగతికి చోటు దొరికింది. విన్న మాటకు మెదడులో రెండు ప్రవాహాలు. పైదారి ధ్వనిని పలుకుగా మారుస్తుంది, అది బాగా ఎడమవైపు. కిందిదారి ధ్వనిని అర్థంగా మారుస్తుంది, దానికి రెండు అర్ధగోళాల్లోనూ పట్టుంది. అందుకే పక్షవాతం వచ్చిన తర్వాత మాట పూర్తిగా పోయిన మనిషికీ ఎదుటివాళ్లు అనేది ఎంతో కొంత అర్థమవుతూనే ఉంటుంది. 'ఆయనకేం తెలుస్తుందిలే' అని మంచం పక్కనే ఆస్తుల పంపకం మాట్లాడుకునే కొడుకులూ కోడళ్లూ ఇది గమనించాలి.

మాటలో గొంతు ఎత్తుపల్లాలు కుడివైపు పని. "బాగానే చేశావులే" అన్న ముక్కలో మెప్పు ఉందో ఎత్తిపొడుపు ఉందో అక్షరాలు చెప్పవు, గొంతు చెబుతుంది. ఎలియట్ రాస్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు 1981లో, కుడి మెదడు దెబ్బతిన్నవాళ్ల గొంతులో ఈ ఎత్తుపల్లాలు చదునైపోవడం గురించి రాశాడు. కొందరికి ఎదుటివాళ్ల గొంతులోవీ పట్టుబడవు. జాతీయాల దగ్గరా ఇలాగే. విన్నర్, గార్డ్‌నర్ 1977లో, గుండె బరువెక్కిందనే అర్థమొచ్చే మాట వినిపించి, దానికి సరిపడే బొమ్మ చూపించమన్నారు. ఎడమ మెదడు దెబ్బతిన్నవాళ్లు, మాట సరిగా రాకపోయినా, ఏడుస్తున్న మనిషి బొమ్మ మీద వేలు పెట్టారు. కుడి మెదడు దెబ్బతిన్నవాళ్లలో చాలామంది పెద్ద గుండెకాయను మొయ్యలేక తూలుతున్న మనిషి బొమ్మ చూపించారు. "ఎడమ పక్క పడిపోయింది, మాట దక్కింది" అని సంతోషించిన ఇంట్లో ఆర్నెల్లకు "మనిషి మునుపటిలా లేడు, పరాచికమాడినా నవ్వడు" అన్న ఫిర్యాదు మొదలవుతుంది. దానికి పేరుందనీ, అది మెదడు దెబ్బేననీ ఇంట్లోవాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ.

ఇంత కథ ఉన్నా, వేసవి సెలవుల్లో 'కుడి మెదడును మేల్కొలుపుతాం' అంటూ పిల్లల దగ్గర వేలకు వేలు గుంజే శిబిరాలకు కొదవ లేదు. యూటా విశ్వవిద్యాలయం 2013లో 1,011 మంది మెదడు స్కాన్లు పరిశీలించింది. మొత్తంగా ఎడమ మెదడు మనిషి, కుడి మెదడు మనిషి అంటూ ఎవరూ దొరకలేదు. కొన్ని పనులకు ఒక పక్క మొగ్గు, అంతే. ఆ డబ్బుతో పుస్తకాలు కొనండి.

పసిమెదడులో రెండు పక్కలూ

పుట్టగానే మెదడు ఇలా ఎడమకు వాలి ఉండదు. జర్మనీ, ఇటలీ పరిశోధకులు 2011లో రెండు రోజుల పసికందుల మెదళ్లను చూశారు. అప్పటికే మాటకు కదిలే ప్రాంతాలున్నాయి. అయితే అవి ఒకే పక్కనున్న ముందు వెనుక భాగాలతో కంటే, ఎదుటి అర్ధగోళంలోని తమ జోడీతోనే ఎక్కువ కలిసి పనిచేస్తున్నాయి. బ్రోకా ప్రాంతానికి చేరే పైదారి ఇంకా పండలేదు. పెరిగేకొద్దీ ఒకే పక్క దారులు గట్టిపడతాయి. వాషింగ్టన్‌లో ఎలిస్సా న్యూపోర్ట్ బృందం 2020లో వేసిన లెక్క కూడా ఇటే మొగ్గింది. నాలుగైదేళ్ల పిల్లలు వాక్యం వింటున్నప్పుడు ఎడమతో పాటు కుడివైపూ స్పష్టంగా పనిచేస్తుంది. వయసుతో కుడివైపు వెలుగు తగ్గుతూ వస్తుంది.

అందుకే పుట్టుకకు ముందూ వెనకగా ఎడమ మెదడులో పక్షవాతం వచ్చిన పిల్లలు ఆ తర్వాత మామూలుగానే మాట్లాడగలుగుతారు. అదే దెబ్బ అరవయ్యో ఏట తగిలితే ఇంట్లో నిశ్శబ్దం. ఎం.ఐ.టి. పరిశోధకులు 2022లో ఒక మహిళ గురించి రాశారు. ఆమెకు ఎడమవైపు కణత వెనుక ఉండాల్సిన మెదడు భాగం దాదాపు లేదు. పసితనంలోనే పోయి ఉండాలి. పెద్దయ్యాక వేరే కారణానికి స్కాన్ తీస్తే గానీ ఆ సంగతి తెలియలేదు. చదువుకుంది, ఉద్యోగం చేసింది, పరాయి భాష నేర్చింది. ఆమె భాష మొత్తం కుడివైపు సంసారం పెట్టింది.

హైదరాబాద్ లెక్క

ఏ భాష మాట్లాడినా దారులు ఇవేనా? ఎం.ఐ.టి.కే చెందిన బృందం 2022లో 12 భాషా కుటుంబాలకు చెందిన 45 భాషల వాళ్లకు వాళ్ల వాళ్ల భాషల్లో 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' వినిపించింది. మన ద్రావిడ కుటుంబమూ అందులో ఉంది. స్థూలంగా పటం ఒక్కటే, మొగ్గు ఎడమకే. కానీ తీగల మందం విషయానికొస్తే భాష ముద్ర పడుతోంది. లైప్‌జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ 2023లో 47 మంది జర్మన్లనూ, 47 మంది అరబ్బీ మాతృభాషగా ఉన్నవాళ్లనూ స్కాన్ చేసింది. జర్మన్లలో ఎడమ అర్ధగోళం లోపలి దారులు బలంగా ఉన్నాయి. అరబ్బీవాళ్లలో కుడి ఎడమలను కలిపే దారులు బలంగా ఉన్నాయి. జర్మన్ వాక్యంలో క్రియ కోసం కొసదాకా వేచి ఉండాలి, ఆ వాక్యనిర్మాణపు బరువు ఎడమవైపు పడుతుంది. అరబ్బీలో మూడు హల్లుల ధాతువు చుట్టూ పదాలు అల్లుకుంటాయి, ధ్వనినీ అర్థాన్నీ పోల్చే పని ఎక్కువ. ఇదీ వాళ్ల వివరణ. క్రియ చివర్న వచ్చే భాష మనదీ. అంతమాత్రాన జర్మన్ల తీగలే మనవీ అని తేల్చుకోవడం తొందరపాటు. తేడా మందంలోనే గానీ పటంలో కాదు.

లైప్‌జిగ్ వాళ్లే 2024లో ఇంకో అడుగు వేశారు. అరబ్బీ మాట్లాడే 59 మంది ఆరు నెలలు గట్టిగా జర్మన్ నేర్చుకున్నారు. ఆ కాలంలో వాళ్ల రెండు పక్కలా భాషా దారుల్లో కలయిక పెరిగింది, కుడి ఎడమల నడుమ ముడి కాస్త సడలింది. పెద్దవయసులో కొత్త భాష నేర్చినా మెదడు తన తీగలను సవరించుకుంటుందన్నమాట.

ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడే హైదరాబాద్ ఇలాంటి ప్రశ్నలకు ప్రపంచంలో దొరికే మంచి చోట్లలో ఒకటి. నిమ్స్ ఆసుపత్రిలో పనిచేసినప్పుడు డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం దాన్ని వాడుకుంది. మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మంది రోగుల లెక్క 2013లో అచ్చయింది. రెండు భాషలు వచ్చినవాళ్లకు ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఆ ఆలస్యం కనిపించింది. విదేశాల్లో ఇలాంటి అధ్యయనాలకు 'వాళ్లు వలసొచ్చినవాళ్లు, చదువుకున్నవాళ్లు' అన్న అభ్యంతరం ఎప్పుడూ ఎదురయ్యేది. ఇక్కడ పుట్టిపెరిగిన ఊళ్లోనే రెండు మూడు భాషలు. అభ్యంతరానికి చోటు లేకుండా పోయింది.

పక్షవాతం మీద అదే బృందం 2016లో ప్రకటించిన ఫలితం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. రోగులు 608 మంది. పక్షవాతం తర్వాత ఆలోచనా శక్తి మామూలుగా నిలిచినవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒకే భాషవాళ్లలో 19.6 శాతం. రెట్టింపు. మాట పోవడం దగ్గర మాత్రం తేడా లేదు, రెండు గుంపుల్లోనూ పదిమందిలో ఒకరికి అటూ ఇటూగా. భాషలెన్ని వచ్చినా మొదటి దెబ్బను ఆపలేవు. ఆ తర్వాత కోలుకునే సత్తువ విషయంలో తోడొస్తాయి.

మాట తిరిగొచ్చే దారి

పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతుకు మాట దెబ్బతింటుంది. కొందరికి వారాల్లో తిరిగొస్తుంది, కొందరికి ఏళ్లు గడిచినా రాదు. ఎందుకు? దెబ్బ ఎంత పెద్దదన్నది మొదటి కారణం, వయసు రెండోది. మూడోది 2014లో స్టెఫానీ ఫోర్కెల్, కటాని బృందం పట్టుకున్నది. ఎడమ మెదడుకు తొలిసారి పక్షవాతం వచ్చిన 16 మందిని ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్షించారు. దెబ్బ తగలని కుడివైపున ఆ విల్లు ఆకారపు కట్ట పొడవాటి పాయ ఎంత పెద్దదైతే, మాట అంత బాగా తిరిగొచ్చింది. రహదారి తెగినప్పుడు కుడివైపు డొంక దారి వెడల్పు ఎంతన్నదే లెక్కకొచ్చింది.

అయితే మాట మొత్తం కుడికి తరలిపోతుందని కాదు. డొరొతీ జావుర్ బృందం 2006లో 14 మంది రోగులను మొదటి రోజుల్లో, రెండు వారాలకు, ఏడాది దగ్గర పడ్డాక స్కాన్ చేసింది. మొదట ఎడమవైపు మందగింపు. రెండు వారాలకు కుడివైపు జోరు. చివరికి, బాగా కోలుకున్నవాళ్లలో, పని మళ్లీ ఎడమకే చేరింది. కుడి మెదడు ఆపద్ధర్మంగా భారం మోసింది. ఎడమవైపు పెద్ద భాగమే పోయినవాళ్లకు ఆ ఆపద్ధర్మమే శాశ్వతమవుతుంది.

లబోర్న్ తిట్టు గుర్తుందా? మాట పోయిన మనుషుల్లో చాలామంది పాట పాడగలరు. ఏళ్లుగా రోజూ చదివిన సుప్రభాతం, ఆది సోమ మంగళ, ఒకటి నుంచి పది, ఇవి నోటికి వస్తాయి. "ఓసారి మీ పేరు చెప్పండి బాబాయ్ గారూ" అంటే కళ్లనీళ్లు పెట్టుకునే మనిషి, పక్కనుంచి ఎవరో పాత సినిమా పాట ఎత్తుకుంటే చరణం దాకా వెళ్లిపోతాడు. ఇది చూసి ఇంట్లోవాళ్లు "కావాలనే మాట్లాడటం లేదు" అనుకుంటారు. అది అన్యాయం. అమెరికాలో 1973లో ఇదే గమనికను చికిత్సగా మలిచారు. చిన్న చిన్న మాటలను రాగం పెట్టి, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ పలికిస్తారు, తర్వాత రాగాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తారు. గాట్‌ఫ్రీడ్ ష్లౌగ్ బృందం 2009లో ఈ శిక్షణను నెలల తరబడి పొందిన ఆరుగురిలో కుడివైపు ఆ కట్ట తంతువులు పెరిగినట్టు చూపింది. ఆరుగురితో రుజువులు పూర్తి కావు. 2011లో టక్సన్‌లో తలకు తుపాకీ గుండు తగిలి మాట పోగొట్టుకున్న అప్పటి అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫోర్డ్స్ కోలుకోవడంలోనూ సంగీత చికిత్స ఒక భాగం. అందరికీ ఒకేలా పనిచెయ్యదు. నోటి మాట ఆగినా అర్థం చేసుకునే శక్తి మిగిలినవాళ్లకు ఎక్కువ ఉపయోగం.

మన దగ్గర పక్షవాతం అంటే కాలూ చెయ్యీ. పసరు పట్టించడానికి తీసుకెళ్లే చోటా అంతే, పెద్దాసుపత్రిలోనూ చాలాసార్లు అంతే. నడిపించడానికి ఫిజియోథెరపిస్టు వస్తాడు. మాట సంగతి ఎవరూ ఎత్తరు. "అదే వస్తుందిలెండి" అంటారు. కొంతమందికి వస్తుంది. చాలామందికి పనిగట్టుకుని నేర్పితే తప్ప రాదు. నేర్పేది కూడా రోగి సొంత భాషలో మొదలుపెట్టాలి. ఇంగ్లిష్ అక్షరాల అట్టముక్కలు చూపించి 'ఆపిల్' అనమంటే వరంగల్ రైతుకు ఏం ఒరుగుతుంది? ఇలా మాట పోవడాన్ని (అఫేజియా) కొలిచే పరీక్షలు తెలుగులో ఉన్నాయి. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. స్పీచ్ థెరపిస్టులు పెద్ద ఊళ్లకే పరిమితమైనా, ఇంటి దగ్గర రోజూ చేయించాల్సింది ఒకసారి చూపిస్తే ఇంట్లోవాళ్లు నేర్చుకోగలరు.

చివరిగా పాఠకులకు రెండు మాటలు. మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకండి. గడ్డను కరిగించే మందు పనిచేసేది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. ఆ గండం గడిచాక, డిశ్చార్జి కాగితంలో మందులూ ఫిజియోథెరపీ మాత్రమే రాసి, స్పీచ్ థెరపీ ఊసు లేకపోతే, ఎందుకు లేదని అక్కడే అడగండి.